కొత్త హునర్ సరే, ఫాయిదా ఎవరికి?



షాదీ దావత్‌ల్లోనూ, మస్జిద్ బయట చాయ్ తాగే చోటా ఈమధ్య ఒక మాట తరచూ నా చెవిన పడుతోంది. "మన కారీగర్లు మారరు సాబ్. దాదా ఏం చేసిండో మనవడూ అదే చేస్తడు. జమానా ఎక్కడికో పోయింది, వీళ్ళు మాత్రం ఆ చటాయి మీదనే కూర్చున్నరు." ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చాలామంది దర్ద్‌తోనే అంటారు. లాడ్ బజార్ గల్లీల్లో లాఖ్ చూడీల భట్టీలు చల్లారిపోతున్నాయని, బిద్రీ పనికి షాగిర్దులు దొరకడం లేదని, జర్దోజీ చట్రం ముందు కూర్చోవాల్సిన పిల్లలు డెలివరీ బండ్లెక్కుతున్నారని వాళ్ళకీ అఫ్సోస్ ఉంది.

కాని వాళ్ళు చెప్పే వజహ్ నాకు సరైందని అనిపించదు. కారీగర్ కొత్తది పట్టుకోకపోవడానికి కారణం చాలాసార్లు అతని దిమాగ్‌లో ఉండదు, అతని మజూరీ లెక్కలో ఉంటుంది. కొత్త తరీఖా ఒకటి వచ్చినప్పుడు దాని నుక్సాన్ ఎవరి నెత్తిన పడుతుంది? దాని ఫాయిదా ఎవరి గల్లాలోకి పోతుంది? ఈ రెండు సవాళ్ళకి జవాబు తెలిస్తే, ఆ కొత్తది నిలుస్తుందా పోతుందా అన్నది సగం తెలిసిపోయినట్టే. ఇది నా ఖయాల్ మాత్రమే కాదు. దీన్ని లెక్కపెట్టి చూసినవాళ్ళున్నారు. ముందు వాళ్ళ సంగతి చెప్పి, తర్వాత మన గల్లీకి వస్తాను.

సియాల్‌కోట్ అనగానే మనలో చాలామందికి అల్లామా ఇక్బాల్ గుర్తొస్తారు. ఆయన పుట్టింది అక్కడే. కాని ఆటల దునియాకి ఆ ఊరు ఫుట్‌బాళ్ళతో తెలుసు. పాకిస్తానీ పంజాబ్‌లోని ఆ ఊళ్ళో చేత్తో కుట్టే ఫుట్‌బాళ్ళ కార్ఖానాలు చిన్నా పెద్దా కలిపి వందకు పైగా ఉన్నాయి. 2014 వరల్డ్ కప్‌లో ఆడిన బ్రజూకా బంతులు కొన్ని అక్కడినుంచే పోయాయి. టీమ్ మైదాన్‌లో లేకపోయినా ఆ ఊరి మేహనత్ మైదాన్‌లో ఉంటుంది.

మామూలు ఫుట్‌బాల్ మీద 32 ముక్కలుంటాయి. 20 ఆరు మూలలవి, 12 ఐదు మూలలవి. రెగ్జిన్ షీట్ కింద బట్ట పొరలు అతికించి, దాని మీద ఇనుప డై పెట్టి, ప్రెస్‌తో నొక్కి ఈ ముక్కలు కోస్తారు. ఆరు మూలల ముక్కలు తేనెపట్టు గదుల్లా ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని కూర్చుంటాయి. ఐదు మూలలవి అట్లా కూర్చోవు, ఎట్లా పేర్చినా సందులు మిగులుతాయి. ఆ సందుల్లోని రెగ్జిన్ అంతా కచ్రాలోకే. దర్జీ ఇంట్లో పెరిగినవాళ్ళకి ఈ బాధ చెప్పనక్కర్లేదు. కత్తెర పట్టేముందు బట్టని నాలుగుసార్లు తిప్పి చూసే అబ్బాజాన్‌లని మనం చూసినవాళ్ళమే.

2012లో కొందరు ఎకానమిస్టులు, అమెరికా యూనివర్సిటీల వాళ్ళూ లాహోర్ వాళ్ళూ కలిసి, ఆ ఊరికి ఒక కొత్త డై తెచ్చారు. ఐదు మూలల ముక్కలు నాలుగింటిని కాస్త జరిపి, సందులు తక్కువయ్యేట్టు పేర్చిన డై అది. దాంతో బంతి ఖర్చులో ఒక శాతం దాకా మిగులుతుంది. ఒక శాతమేనా అని నవ్వకండి. ఆ ధంధాలో మాలిక్‌కి మిగిలే లాభమే 8 శాతం చుట్టూ ఉంటుంది. అందులో ఒక శాతం అంటే చిన్న సంగతి కాదు. డైకి పెట్టిన పైసలు చాలా కార్ఖానాలకి కొన్ని వారాల్లోనే తిరిగొచ్చేవి. పైగా ఆ పైసలు కూడా వాళ్ళు పెట్టనక్కర్లేదు. చీటీ తీసినట్టు 35 కార్ఖానాలని ఎంచి, వాళ్ళకి డై ముఫ్త్‌గా ఇచ్చారు, వాడే తరీఖా చూపించారు.

15 నెలలు గడిచాయి. 35లో దాన్ని వాడుతున్నవి 5 మాత్రమే.

ఇక్కడ మన చాయ్ దోస్తులుంటే ఏమనేవాళ్ళో నాకు తెలుసు. "చూసిండ్రా, ముఫ్త్‌లో ఇచ్చినా తీసుకోరు, జాహిల్ లోగ్." కాని ఆ ఎకానమిస్టులు అట్లా అనుకుని వెళ్ళిపోలేదు. కార్ఖానాలకి తిరిగి వెళ్ళి, మాలికులతో విడిగా, కోసే కారీగర్లతో విడిగా మాట్లాడారు. అప్పుడు అసలు హఖీఖత్ బయటపడింది.

కోసేవాళ్ళలో దాదాపు అందరికీ మజూరీ ముక్కల లెక్కన వస్తుంది. ఎన్ని ముక్కలు కోస్తే అన్ని పైసలు. కొత్త డై చేతికి అలవాటయ్యేదాకా పని నెమ్మదిస్తుంది, అలవాటయ్యాక కూడా కొంచెం జాగ్రత్తగా పెట్టాలి. పని నెమ్మదిస్తే ఆ రోజు మజూరీ తగ్గుతుంది. మరి మిగిలిన రెగ్జిన్ ఎవరిది? సేఠ్‌ది. అంటే నుక్సాన్ కారీగర్‌ది, బచత్ మాలిక్‌ది. కారీగర్ ఏం చేశాడు? మాలిక్ దగ్గరికి పోయి "ఇది పనికిరాదు సాబ్, సరిగా కోయదు" అన్నాడు. ప్రెస్ ముందు రోజూ నిలబడేది తను కాదు కాబట్టి మాలిక్ నమ్మాడు. డై మూలన పడింది.

వాళ్ళు మరో పని చేశారు. 2013లో కొన్ని కార్ఖానాల్లో ఒక కోసే కారీగర్‌కి, ఒక ప్రింటింగ్ కారీగర్‌కి ఇట్లా చెప్పారు: నెల లోపల ఈ డై పనిచేస్తుందని మీ మాలిక్ ముందు చేసి చూపించండి, మీకు దాదాపు ఒక నెల సంపాదన ఇనామ్‌గా ఇస్తాం. అంతే. కొత్త మెషీన్ లేదు, కొత్త ట్రైనింగ్ లేదు, కార్ఖానాకి పైసా ఇచ్చింది లేదు. అప్పటిదాకా "పనికిరాదు" అన్న చోట్ల కొన్నింట అదే డై పనికొచ్చింది. ఇంకొక సంగతి కూడా గమనించాలి. ముఫ్త్ డై అందని కార్ఖానాల్లోంచి తనంతట తానే ఆ తరీఖా పట్టుకున్నది ఒకటుంది. పెద్ద కార్ఖానా. అక్కడ కోసేవాళ్ళకి ముక్కల లెక్క కాదు, నెల తన్‌ఖ్వాహ్.

ఈ కిస్సా చెప్పినప్పుడు నా దోస్త్ ఒకతను అన్నాడు: "అయితే కారీగర్లు ఝూట్ చెప్పినట్టే కదా? బేఇమానీ కదా?" ఝూట్ ఝూటే, నేను దాన్ని హలాల్ చేయబోవడం లేదు. కాని వాళ్ళ ముందున్న రాస్తాలు చూడండి. నిజం చెబితే ఇంట్లో పిండి డబ్బా ఖాళీ అవుతుంది. "నా మజూరీ తగ్గుతుంది, దాన్ని సర్దండి" అని అడిగే ధైర్యం ముక్కల కూలీకి ఎక్కడిది? అడిగితే రేపు ప్రెస్ ముందు ఇంకొకడుంటాడు. అడగడానికి జగహ్ లేని చోట ఝూట్ మొలుస్తుంది. ఆ జగహ్ ఇవ్వాల్సింది ఎవరు అన్నది నా సవాల్.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మాది నల్గొండ వైపు. మా వైపు పద్మశాలీల మగ్గాలు లేని ఊరు తక్కువ, వాళ్ళ మగ్గాల చప్పుడు వింటూనే మేం పెరిగాం. ఆలేరు దగ్గర షార్జీపేటలో చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసిన సంగతి ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా తెలుసు, సినిమా కూడా వచ్చింది కనక. పోచంపల్లి తరహా చీరకి రంగు అద్దేముందు దారాన్ని ఆసు పోయాలి. ఒక చీరకి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోవాలి, దాదాపు 9 వేలసార్లు అంటారు. నాలుగైదు గంటల పని. ఆ పని ఇంట్లో ఆడవాళ్ళది. ఆయన అమ్మ భుజాలు పడిపోయాయి, ఇక నా వల్ల కాదంది. బడి చదువు మధ్యలో ఆపిన ఆ కొడుకు ఏళ్ళ తరబడి అప్పులు చేసి, నవ్విన ఊరిని ఓర్చుకుని, 1999లో మెషీన్‌ని నడిపించాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకొచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

ఈ మెషీన్ ముఫ్త్‌గా రాలేదు. కొనుక్కోవాలి, అప్పు చేయాలి. అయినా ఇంటింటికీ పోయింది. సియాల్‌కోట్‌లో ముఫ్త్ డై మూలన పడింది. ఎందుకు? చేనేత ఇంట్లో భుజం నొప్పి ఎవరిదో, మిగిలిన టైమ్ ఎవరిదో, ఆ టైమ్‌లో నేసే రెండో చీర ఎవరిదో, అన్నీ ఒకే ఇంటివి. తక్లీఫ్ కూడా ఆ ఇంటిదే, ఫాయిదా కూడా ఆ ఇంటిదే. అందుకే ఎవరూ లెక్చర్ ఇవ్వకుండానే ఆడవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. పల్లెటూరి చేతిపని మనుషులు కొత్తదానికి దుష్మన్లు కారనడానికి ఇంతకంటే సబూత్ ఏం కావాలి?

ఇక లాడ్ బజార్. చార్మినార్ నీడన ఉన్న ఆ బజార్‌కి పోకుండా మన ఇళ్ళలో షాదీ పూర్తి కాదు. ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా దుల్హన్ జోడా ఎక్కడ కొన్నా, చూడీలకి మాత్రం అక్కడికే. ఆ లాఖ్ ఎక్కడో అడవిలో మోదుగ, రేగు, కుసుమ చెట్ల మీద ఒక చిన్న పురుగు పెట్టే బంక. దాన్ని బొగ్గుల భట్టీ మీద కరిగించి, రంగు కలిపి, సన్నగా సాగదీసి, కోసి, గుండ్రని కర్ర మీద చుట్టి గాజు చేస్తారు. భట్టీ పని ఎక్కువగా మగవాళ్ళది. తర్వాత వేడికి కాస్త మెత్తబడ్డ గాజు మీద నగీనాలు ఒక్కొక్కటిగా అదిమి కూర్చోబెట్టే పని చాలావరకు పాత బస్తీ ఇళ్ళలో ఆడవాళ్ళది. జోడీకి ఇంత, డజన్‌కి ఇంత.

మా ఖాలా కూతురు ఆ పని చేస్తుంది. పదో తరగతి ఆపేసిన పిల్ల, ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి. ఆమె ఒక తర్కీబ్ కనిపెట్టింది. నగీనాలని ఒక్కొక్కటిగా డబ్బాలోంచి ఏరుకుంటూ కూర్చుంటే గాజు చల్లారిపోతుంది, మళ్ళీ సిగ్డీ మీద పెట్టాలి. అట్లా కాకుండా, రాత్రి పిల్లలు పడుకున్నాక డిజైన్ ఏ వరసలో ఉందో ఆ వరసలోనే నగీనాలని అంటుకునే టేప్ మీద పేర్చి పెట్టుకునేది. పొద్దున గాజు ఒక్కసారి వేడిచేస్తే చాలు, చకచకా అదిమేయడమే. బొగ్గు మిగిలింది, వేళ్ళు కాలడం తగ్గింది, రోజుకి నాలుగు జోడీలు చేసే చోట ఆరయ్యాయి. నాకు చూపించినప్పుడు ఆమె ముఖంలో ఫఖర్ చూడాలి. ఇంజనీర్ మెషీన్ చేసినా ఇంత ఖుషీ ఉండదేమో.

రెండు నెలలు బాగానే గడిచాయి. మాల్ తీసుకునే దుకాణ్‌దార్ లెక్క చూశాడు. "పని తేలికైనట్టుంది కదా బేటీ" అన్నాడు. తర్వాత నెల నుంచి జోడీ రేటు తగ్గించాడు. ఇప్పుడు ఆరు జోడీలు చేస్తే, ముందు నాలుగింటికి వచ్చినంతే వస్తుంది. నేను ఆ దుకాణ్‌దార్‌ని జాలిం అనడం లేదు. ఆయన మీదా పోటీ ఉంది, పైన హోల్‌సేల్ వాళ్ళున్నారు. కాని ఈ కిస్సాలో నాకు ఎక్కువ బాధ పెట్టింది రేటు కాదు. మొన్న మాట్లాడుతుంటే ఆమె మెల్లగా అంది: "భాయిజాన్, ఇంకో తర్కీబ్ ఉంది నా దగ్గర. కాని చేసి చూపించను. చూపిస్తే మళ్ళీ రేటు తగ్గిస్తరు. నెమ్మదిగా చేస్తున్నట్టే ఉంట."

ఇదే అసలు నుక్సాన్. అల్లాహ్ ఇచ్చిన అకల్‌ని ఒక మనిషి దాచుకుని కూర్చోవాల్సి వస్తోంది. బయటినుంచి చూసేవాళ్ళు "వీళ్ళు మారరు" అంటారు. ఆమె మారింది. మారినందుకు జుర్మానా కట్టింది. ఇక మారనట్టు నటిస్తోంది. ఇట్లా ఎన్ని ఇళ్ళలో ఎన్ని తర్కీబ్‌లు దాగి ఉన్నాయో ఎవరికి తెలుసు?

రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నా మాట సగమే అవుతుంది. హిస్సా ఒక్కటే సరిపోదు, ఆర్డర్ కూడా కావాలి. మంచి కొనేవాడు లేకుండా ఎంత హునరైనా మూటకట్టి అటక మీద పెట్టుకోవాల్సిందే. దీనికి మిస్ర్‌లోని ఫువ్వా ఊరు మంచి మిసాల్. నైలు నది పాయ ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఒకప్పుడు మహమ్మద్ అలీ పాషా పెట్టించిన టర్బూష్ టోపీల కార్ఖానా ఉండేది. ఇప్పుడు చేత్తో నేసే కాలీన్లు. ఒక్కో మగ్గం దగ్గర మహా అయితే ఒకరో ఇద్దరో. అక్కడా కొందరు ఎకానమిస్టులు ఇట్లాంటి ఇమ్తిహాన్ పెట్టారు. చీటీ తీసి కొందరికి బయటి ముల్కుల నుంచి కాలీన్ల ఆర్డర్లు ఇప్పించారు, మిగతావాళ్ళని మామూలుగానే ఉండనిచ్చారు. ఆ ఆర్డర్లు పట్టుకురావడానికే ఏళ్ళు పట్టింది, అదీ గుర్తుంచుకోవాలి.

ఆర్డర్ అందినవాళ్ళ లాభం 16 నుంచి 26 శాతం దాకా పెరిగింది. అంతకంటే దిల్‌చస్ప్ సంగతి ఇంకొకటి. బయటి ఖరీదార్లు అంచు వంకరగా ఉంటే తిప్పి పంపేవాళ్ళు, పోగు వదులైతే ఎక్కడ వదులైందో చెప్పేవాళ్ళు. నేతగాళ్ళు ఆ ఆర్డర్లు చేస్తూ చేస్తూనే నేర్చుకున్నారు. చివర్లో అందరినీ ఒకే చోట కూర్చోబెట్టి, ఒకే మగ్గం, ఒకే నూలు ఇచ్చి, ఒకే కాలీన్ నేయమంటే, ఆర్డర్లు చేసినవాళ్ళ పని సాఫ్‌గా మెరుగ్గా వచ్చింది. అంటే ఆ మెరుగుదల మంచి నూలుతో వచ్చింది కాదు, చేతిలోకి వచ్చింది. ఏ ట్రైనింగ్ సెంటర్ సర్టిఫికెట్ కంటే ఒక ఖచ్చితమైన ఖరీదార్ మంచి ఉస్తాద్ అవుతాడన్న మాట.

బిద్రీ పనివాళ్ళ చరిత్ర కూడా ఇదే చెప్తుంది. జస్తా, రాగి కలిపి పోతపోసి, ఉలితో గీసి, ఆ గీతల్లో వెండి తీగ అదిమి, బీదర్ కిలా మట్టి, నవసాగరం కలిపిన నీళ్ళతో నల్లగా చేసే పని అది. ఒకప్పుడు హుక్కాలు, పాన్‌దాన్‌లు, సురాహీలు చేసేవాళ్ళు. నవాబులు పోయారు, హుక్కా పోయింది, పాన్‌దాన్ అల్మారాలోకి చేరింది. కారీగర్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారా? లేదు. చెవిదుద్దులు, కఫ్ లింకులు, కలందాన్‌లు, పెన్ డ్రైవ్‌ల కవర్ల దాకా చేశారు. కొనేవాడు ఏది అడిగితే దాంట్లోకి ఆ వెండి తీగని తీసుకెళ్ళారు. బీదర్ ఉస్తాద్ షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా ముబారక్ మెసేజ్‌లు పంపుకున్నాం. బాగుంది. కాని కొత్త డిజైన్ చేయాలంటే ముందు వెండి కొనాలి, వెండి ధర ఎక్కడుందో మీకు తెలుసు. డిజైన్ అమ్ముడుపోకపోతే ఆ పైసలు ఇరుక్కుపోతాయి. రోజు గడవడమే కష్టమైన కారీగర్ ఆ జూదం ఆడలేడు. దాన్ని పిరికితనం అనకూడదు, పిల్లల రిజ్క్ గురించిన ఫికర్ అనాలి.

సర్కార్ ఏం చేస్తోంది అని అడగొచ్చు. కొన్ని చేసింది. 2024లో హైదరాబాద్ లాఖ్ చూడీలకి జీఐ ట్యాగ్ వచ్చింది. మంచిదే, సంతోషమే. కాని అది ఏం కాపాడుతుందో తెలుసుకోవాలి. అది పేరుని కాపాడుతుంది. వేరే ఊళ్ళో చేసిన గాజుని "హైదరాబాద్ లాఖ్ చూడీ" అని అమ్మకుండా ఆపుతుంది. నిన్న రాత్రి ఒక కారీగర్ కొత్తగా వేసిన డిజైన్‌ని ఇవాళ పక్క దుకాణ్ నకల్ కొడితే జీఐ ఏమీ చేయదు. పైగా ఆ పేరు వాడుకునే హఖ్ కోసం ఆథరైజ్డ్ యూజర్‌గా విడిగా దర్ఖాస్తు పెట్టుకుని రిజిస్టర్ కావాలి. దుకాణాలూ భట్టీ మాలికులూ అయ్యారనుకుందాం. ఇంట్లో కూర్చుని నగీనాలు అదిమే ఆపా పేరు ఏ కాగితం మీదన్నా ఉందా?

పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. 18 పనుల జాబితా ఉంది. దర్జీ ఉన్నాడు, కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు. మన ఇళ్ళ దర్జీలు తప్పకుండా పోయి పేరు రాయించుకోవాలి. పనిముట్లకి 15 వేల దాకా ఇస్తారు, ట్రైనింగ్ రోజులకి స్టైపెండ్ ఉంది. కాని ఆ 18లో గాజులు చేసేవాళ్ళు లేరు, బిద్రీ, జర్దోజీ పేర్లు లేవు. అప్పు 5 శాతం వడ్డీకి. సూద్ అని వెనక్కి తగ్గేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, వాళ్ళ ముందు వేరే దారి పెట్టాల్సింది మనమే.

అందుకే సర్కార్ మీదే అంతా వదిలేయకుండా మన చేతుల్లో ఉన్నవి నాలుగు చెప్తాను.

మొదటిది దుకాణ్‌దార్ భాయీలకి. మీ దగ్గర పనిచేసే ఆపా ఒక తర్కీబ్‌తో త్వరగా చేస్తే, కనీసం ఒక సంవత్సరం ఆమె రేటు తగ్గించకండి. ఈ మాట ముందే చెప్పండి, ఒక చిట్టీ మీద రాసివ్వండి. మార్జిన్ లేదంటారు, నాకు తెలుసు. సియాల్‌కోట్‌లో మూలన పడ్డ డైని లేపింది ఒకే ఒక్కసారి ఇచ్చిన ఒక నెల సంపాదన. తర్కీబ్ చూపించిన మనిషికి ఒకసారి ఇనామ్ ఇచ్చి, దాన్ని మీ దగ్గర పనిచేసే పదిమందికి నేర్పిస్తే మీ మాల్ టైమ్‌కి వస్తుంది, షాదీల సీజన్‌లో ఆర్డర్ తప్పిపోదు. ఇది ఖైరాత్ కాదు, తిజారత్.

రెండోది మస్జిద్ కమిటీలకి, బైతుల్‌మాల్ నడిపేవాళ్ళకి. మనం బేవాలకి రేషన్ ఇస్తాం, మంచి పని, ఆపకూడదు. దాంతోపాటు కొత్త డిజైన్ చేసి చూడాలనుకునే కారీగర్‌కి కర్జ్-ఎ-హసనా ఇవ్వొచ్చు. వెండి కొనడానికో, లాఖ్ కొనడానికో చిన్న మొత్తం. అమ్ముడుపోతే తిరిగిస్తాడు, పోకపోతే గడువు పెంచండి. కుట్టుమిషన్ పంచి ఫోటో దిగడం తేలిక. కొత్తది చేసి చూసే ధైర్యం ఇవ్వడం కష్టం, కాని దాంట్లోనే బర్కత్ ఉంది.

మూడోది చదువుకున్న పిల్లలకి. మీ ఇంట్లోనో మీ గల్లీలోనో చేతిపని చేసే అమ్మీ, ఫుప్పూ, చిచ్చా ఎవరో ఒకరుంటారు. హస్తకళల డిపార్ట్‌మెంట్ వాళ్ళ పెహచాన్ కార్డ్‌కి వాళ్ళ దర్ఖాస్తు నింపండి. జీఐ ఆథరైజ్డ్ యూజర్ ఫారం నింపండి. మంచి డిజైన్ ఉంటే దాన్ని బజార్‌లో పెట్టకముందే డిజైన్స్ చట్టం కింద రిజిస్టర్ చేయించొచ్చా అని కనుక్కోండి. 2000 నాటి ఆ చట్టం కింద ముందు 10 ఏళ్ళు, తర్వాత ఇంకో 5 ఏళ్ళు రక్షణ ఉంటుంది. ఒకసారి బజార్‌లో పడితే ఆ హఖ్ పోతుంది. ఇంగ్లీషు రాని ఉస్తాద్‌కి ఇంగ్లీషు వచ్చిన మీరే వకీల్, మీరే మున్షీ.

నాలుగోది కొనే మనందరికీ. షాదీకి లక్షలు పెట్టే చోట, చూడీల దగ్గర కూర్చుని 50 రూపాయలకి గంట సేపు బేరం చేసే మన ఆదత్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. బేరం చేయండి, అది బజార్ రివాజ్. కాని ఫువ్వా ఖరీదార్లలా నాణ్యం దగ్గర ఖచ్చితంగా ఉండి, ధర దగ్గర న్యాయంగా ఉండండి. నగీనా ఊడిపోతే తిప్పి ఇవ్వండి, కారీగర్‌కి తెలియనివ్వండి. బాగుంటే "ఇది ఎవరు చేశారు?" అని ఒక్కసారి అడగండి. పదిమంది అడిగితే దుకాణ్‌దార్‌కి ఆ పేరు గుర్తుంచుకోక తప్పదు. పేరున్న కారీగర్‌కి రేటు తగ్గించడం పేరులేని కారీగర్‌కి తగ్గించినంత తేలిక కాదు.

మజ్దూర్ మజూరీ ఆలస్యం చేయొద్దన్న హదీస్ మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. చేతుల మేహనత్‌కి హఖ్ ఉందని ఒప్పుకునే మనం దిమాగ్ మేహనత్‌కి కూడా హఖ్ ఉందని ఒప్పుకోవడానికి ఎందుకు వెనకాడాలి? టేప్ మీద నగీనాలు పేర్చడం చిన్న ఆలోచనే. కాని ఆ ఆలోచన ఆమెది. దాని కమాయీలో కొంచెం కూడా ఆమెకి దక్కకపోతే, అది ఎవరి జేబులో ఉందో ఆ జేబువాళ్ళు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇక ముందు ఎవరైనా "మన కారీగర్లు మారరు" అంటే గొడవ పెట్టుకోకండి. చాయ్ ఇప్పించి ఒక్కటే అడగండి: మారితే వాళ్ళకేం మిగిలింది భాయ్?